రాయుడు గారి ఆరెంజ్ వెస్టులు

నవంబరు వచ్చేసరికి కెనడాలోని మార్కమ్‌లో మా ఇంటి దగ్గరి హార్డ్‌వేర్ షాపువాళ్ళు వేట సీజన్లో అడవికెళ్ళేవాళ్ళు తొడుక్కునే ఆరెంజ్ వెస్టులు తెచ్చి, మంచు పారలకీ ఉప్పు బస్తాలకీ మధ్య వేలాడదీస్తారు. కొత్త వెస్టుకి ఒక వాసన ఉంటుంది. కొత్త రెయిన్‌కోటు మడత విప్పినప్పుడు వచ్చే ప్లాస్టిక్ వాసన లాంటిదే, ఇంకాస్త ఘాటుగా. మొన్న బల్బులు కొందామని వెళ్ళి ఆ వాసన దగ్గర ఆగిపోయాను. వెనకాల బండి తోసుకొస్తున్న ఆవిడ రెండుసార్లు ఎక్స్‌క్యూజ్ మీ అన్నాక గానీ పక్కకి జరగలేదు. బల్బులు కొనకుండానే ఇంటికొచ్చేశాను. అది అడవి వాసన కాదు, వేట వాసన కూడా కాదు. కేంబ్రిడ్జ్‌లో నేను చదువుకునే రోజుల్లో రాయుడు గారి పాత వ్యాను వెనక తలుపు తీస్తే వచ్చే వాసన.

ఆయన పూర్తి పేరు సుబ్బారాయుడు. తెనాలి పక్క ఊరు. ముప్పయ్యేళ్ళ కిందట కెనడా వచ్చి, కార్ల విడిభాగాల గోడౌన్లో సూపర్‌వైజరుగా స్థిరపడ్డారు. నేను కాలేజీలో చేరిన నెలకి అదే గోడౌన్లో పార్ట్‌టైమ్ దొరికింది. ఆ ఏడు మా క్లాసులో సగం మంది తెలుగువాళ్ళమే. బస్సెక్కినా, కాఫీ లైన్లో నిలబడినా ఎవడో ఒకడు వెనక నుంచి "బ్రో, తెలుగా?" అనేవాడు. మొదటి రోజు చెవుల్లో పాటలు పెట్టుకుని ఒక వరుసలోంచి ఇంకో వరుసలోకి దాటబోతుంటే ఎవరో నా కాలరు పట్టుకుని వెనక్కి లాగారు. ముక్కు ముందు నుంచి ఫోర్క్‌లిఫ్ట్ పోయింది. కాలరు పట్టుకున్నది రాయుడు గారు.

"ఏవయ్యా, వాడు నిన్ను చూశాడా?" అన్నారు తెలుగులో. నా ముఖం మీద ఏం రాసుందో మరి, తెలుగువాణ్ణని అడక్కుండానే పోల్చేశారు.

"నేను చూశాను సార్ వాణ్ణి," అన్నాను.

"నువ్వు చూస్తే ఎవడికి గొప్ప? నువ్వెళ్ళి వాణ్ణి గుద్దవుగా, వాడొచ్చి నిన్ను గుద్దుతాడు. వాడి కళ్ళు నీ కళ్ళతో కలవాలి. వాడు నిన్ను చూశాడని నువ్వు చూసేదాకా కాలు బయటపెట్టకు."

ఈ ఒక్క మాటా ఆయన బతుకంతా పట్టుకు తిరిగారు. గోడౌన్లోనూ ఇదే, అడవిలోనూ ఇదే. ఆయనకి జింకల వేట సరదా. సరదా అంటే ఆయన ఒప్పుకునేవారు కాదు, "శ్రద్ధ" అనేవారు. శనాదివారాల్లో వేట లైసెన్సు కావలసిన వాళ్ళకి జాగ్రత్తల క్లాసు చెప్పేవారు. భార్య విజయ ఆంటీ ఉల్లిపాయ కూడా ఆలోచించి తినే మనిషి. ఆయన తెచ్చిన మాంసం వంటింటి గడప తొక్కడానికి వీల్లేదు గనక గ్యారేజీలో ఆయనకి వేరే పొయ్యి ఉండేది. "మా ఆయనకి వనవాసం ఇంట్లోనే," అనేది ఆంటీ.

ఊరి చివర కౌంటీ అడవి. అందరిదీ. నడిచేవాళ్ళు, కుక్కల్ని తిప్పేవాళ్ళు, సీజన్లో వేటగాళ్ళు, ఎవరైనా వెళ్ళవచ్చు. గేటు దగ్గర ఏ రోజుల్లో వేట ఉంటుందో బోర్డు ఉండేది, కానీ బోర్డు చదివే అలవాటు మనవాళ్ళకెక్కడిది? ఆకులు ఎర్రబడగానే స్టూడెంట్లు గుంపులు గుంపులుగా ఫొటోలకి దిగేవాళ్ళు, గోధుమరంగు జాకెట్లలో, ముమ్మూర్తులా జింకల్లా. రాయుడు గారు వ్యాను గేటు పక్కన పెట్టుకుని, పెళ్ళిలో తాంబూలాలిచ్చినట్టు ఒక్కొక్కరికీ వెస్టు ఇచ్చి లోపలికి పంపేవారు. ఫొటో బాగా రాదని మూతి ముడిచిన అమ్మాయిలతో, "ఫొటోకి దండ వేసే పని పడకూడదు కదమ్మా," అనేవారు. అంత మొరటుగా అంటే ఎవరు మాత్రం వేసుకోరు?

ఒకసారి నన్ను తీసుకెళ్ళారు. చెట్టుకి ఆనుకుని రెండు గంటలు కదలకుండా కూర్చున్నాం. నా కాళ్ళు నావి కాకుండా పోయాయి. చివరికొక జింక వచ్చింది. ఇంత దగ్గర్లో, ఊపిరి పొగ కనబడేంత దగ్గర్లో. రాయుడు గారు తుపాకి ఎత్తారు, చూశారు, దించేశారు. జింక తాపీగా వెళ్ళిపోయింది.

"ఏమైంది అంకుల్?" అన్నాను. గోడౌన్ బయట ఆయన నాకు అంకులే.

"దాని వెనక నడకదారి ఉంది."

"దారి మీద ఎవరూ లేరు కదా."

"లేరని నీకు తెలుసా, నీకు కనబడలేదా? రెండూ ఒకటి కాదు. అడవిలో కదిలే ప్రతిదీ మనిషే, జింక అని తేలేదాకా. తేలాక కూడా దాని వెనక ఏముందో చూడాలి." ఆ రోజు ఉత్త చేతులతో తిరిగొచ్చాం. ఆయన ముఖంలో వెలితేమీ లేదు, దారంతా కూనిరాగం తీస్తూనే ఉన్నారు.

మా బేస్‌మెంట్‌లో నాతో పాటు కిరణ్ ఉండేవాడు. జగిత్యాల వాడు. వర్క్ పర్మిట్ చేతికొస్తే అయ్యప్ప మాల వేస్తానని మొక్కుకున్నాడు, వచ్చింది, వేశాడు. గుడి దూరం కాబట్టి ఒక ఆదివారం వెళ్ళి గురుస్వామి చేత మాల వేయించుకుని వచ్చాడు. మిగతా నలభై రోజులూ మా బేస్‌మెంటే సన్నిధానం. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, ఆపైన శరణుఘోష. మూడో రోజుకే పైన ఉండే ఓనరు కిందికి దిగొచ్చి, ఇంకోసారి అరిస్తే ఇల్లు ఖాళీ చేయమన్నాడు. కిరణ్‌కి అడవి గుర్తొచ్చింది. మా ఇంటికి పావుగంట నడక. తెల్లవారుతుండగా వెళ్ళి, ఒక పెద్ద సీడర్ చెట్టు కింద కూర్చుని, గొంతు చించుకుని శరణం చెప్పుకుని వచ్చేవాడు.

డిసెంబరులో తుపాకుల వారం, అంటే జింకల్ని తుపాకితో వేటాడనిచ్చే వారం, వస్తోందని, రాయుడు గారు వెస్టు పట్టుకుని మా ఇంటికొచ్చారు. మాలలో ఉన్నవాణ్ణి చిన్నవాడైనా స్వామి అనే పిలవాలి గనక అరవయ్యేళ్ళ మనిషి చేతులు జోడించారు.

"స్వామీ, ఇది వేసుకోండి."

"నలుపు తప్ప వేరేది వేసుకోవద్దు స్వామీ. నాది ఫస్ట్ ఇయర్, కన్నెస్వామిని. నియమం తప్పితే ఇచ్చిన పర్మిట్ మళ్ళ గుంజుకుంటడేమో అని భయమైతది."

"మీ కొండగట్టు ఆంజనేయుడి మాలైతే ఆరెంజే కదయ్యా. ఆ మాల వేసుకోకపోయావా?"

కిరణ్ నవ్వేశాడు. "అది ఎండకాలంల వేస్తరు స్వామీ."

"పోనీ ఆ ఒక్క వారం అడవికి పోకుండా ఉంటే?"

"మండలం మధ్యల ఆపొద్దు."

రాయుడు గారు వెస్టుని చాలాసేపు మడతపెట్టారు. ఎవరికీ ఎప్పుడూ సడలించని మనిషి. ఆ రోజు ఎందుకు తగ్గారో నాకు తెలుసు. వాడు తనకోసం భయపడటం లేదు, మొక్కు కోసం భయపడుతున్నాడు.

"సరే. మొక్కు మొక్కే. కాదనడానికి నేనెవర్ని? కానీ ఒకటి. అడవిలో కాలు పెట్టిన దగ్గర్నుంచి బయటికొచ్చేదాకా నోరు మూయకూడదు. గొంతెత్తి శరణం చెప్తూనే ఉండాలి. జింక శరణం చెప్పదు కదా."

"అదెంత పని స్వామీ," అన్నాడు కిరణ్. అప్పుడు నేను పక్కనే పొయ్యి మీద పాలు చూసుకుంటున్నాను. ప్రతి మాటా విన్నాను.

నాలుగు రోజులకి మా ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. ఎవరో కుక్కని నడిపిస్తూ తీసింది. చెట్ల మధ్య నల్లబట్టల్లో కిరణ్, చేతులు పైకెత్తి అరుస్తున్నాడు. కింద కామెంట్లు. ఈ స్టూడెంట్లు, ఈ గోల, వీళ్ళని వెనక్కి పంపించండి. ఆ రోజుల్లో అలాంటివి రోజూ చూసేవాళ్ళం, కానీ ఇందులో ఉన్నది నా గదిలో పడుకునే మనిషి. ఇక్కడే శాశ్వతంగా ఉండటానికి నా పీఆర్ ఫైలు అప్పుడే పెట్టాను. భయమేసింది. నిజం చెప్పాలంటే వాడి కోసం కాదు, నా కోసం.

"రేపట్నుంచి మెల్లగా చెప్పుకోరా. మనసులో చెప్పుకున్నా దేవుడికి వినపడుద్ది," అన్నాను.

"రాయుడు స్వామి గట్టిగ చెప్పమన్నడు కదా?"

"ఆయనకేం, సిటిజన్. రేపు ఎవడన్నా పోలీసులకి ఫోన్ చేస్తే? పర్మిట్ మొన్ననేగా వచ్చింది."

పర్మిట్ అనే మాట వాడి మీద పనిచేస్తుందని తెలిసే అన్నాను. వాడు తలూపాడు.

మూడో రోజు పొద్దున నేను టీ పెట్టుకుంటుంటే దూరంగా ఎవరో తలుపు గట్టిగా వేసినట్టు వినిపించింది. పైన ఓనరు పనికి వెళ్ళాడనుకున్నాను. అల్లం దంచాను. టీ తాగాను. గంటన్నర తర్వాత పోలీసులు తలుపు కొట్టేదాకా నాకు ఏ అనుమానమూ రాలేదు. కిరణ్ చెట్టు కింద కళ్ళు మూసుకుని కూర్చుని లేచాడట. మసక వెలుతురులో పొదల్లోంచి ఒక నల్లటి ఆకారం లేవడం చూసి కాల్చేశానని, తనకి ఏ శబ్దమూ వినబడలేదని, వినబడి ఉంటే ట్రిగ్గరు మీద వేలే పెట్టేవాణ్ణి కానని ఒక వేటగాడు ఏడుస్తూ చెప్పాడట. కిరణ్ అక్కడికక్కడే పోయాడు. ఆ వేటగాడు రాయుడు గారి క్లాసులో నేర్చుకున్నవాడు. అతని సర్టిఫికెట్ మీద సంతకం ఈయనదే.

ఆ సాయంత్రం రాయుడు గారు మా బేస్‌మెంట్ మెట్లు దిగొచ్చారు. కూర్చోలేదు. కిరణ్ పీఠం ముందు దీపం కొండెక్కి ఉంది. అటు చూడకుండా నన్నే అడిగారు.

"నిజం చెప్పు వంశీ. వాడు గొంతెత్తి చెప్పేవాడా?"

"చెప్పేవాడు అంకుల్."

"ఇవాళ కూడానా?"

"రోజూ చెప్పేవాడు అంకుల్."

ఆ మాట అన్నది నేనే. ఎవరూ నా గొంతు మీద కత్తి పెట్టలేదు. ఆయన తల పంకించి, "అయితే తప్పు నాది. గొంతు చాలదని తెలియక, వెస్టు లేకుండా పంపించాను," అని గోడ పట్టుకుని మెట్లెక్కారు.

సంతాప సభలో గురుస్వామి ఆయన పక్కనే కూర్చున్నాడు. అంతా విని, "మాలలో కాషాయం నిషిద్ధం కాదు స్వామీ. కన్నెస్వామికి నలుపు ఆనవాయితీ, అంతే. పైన ఆరెంజ్ కండువా కప్పుకోమని నేనే చెప్పేవాణ్ణి. ఒక్క ఫోన్ చేసుంటే బాగుండేది," అన్నాడు. ఆయన ఏ కల్మషమూ లేకుండానే అన్నాడు. రాయుడు గారు లేచి బయటికెళ్ళి చెప్పులు విడిచే చోట బల్ల మీద కూర్చుండిపోయారు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా విషయంలో ఎవరి పిడికెడూ వాళ్ళు తీసుకోలేదు, మొత్తం ఆయనే మోసుకున్నారు. నా వంతు కూడా.

క్లాసులు మానేశారు. తుపాకి పోలీసులకి అప్పగించేశారు. ఒక ఆదివారం నేను వాళ్ళింట్లో ఉండగా బెల్ మోగింది. గుమ్మంలో ఆ వేటగాడు. మంచులో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ముప్పై దాటి ఉండవు, నాలుగు నెలల్లో గడ్డం తెల్లబడింది. "సర్, నన్ను క్షమించమని అడగను. ఒక్కటి నమ్మండి. నాకేమీ వినబడలేదు," అన్నాడు ఇంగ్లీషులో.

"వినబడలేదా? వాడు అడవి దద్దరిల్లేట్టు అరుస్తుంటే వినబడలేదా?" రాయుడు గారి గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. "నేను నేర్పింది ఇదేనా?" తలుపు మూసేశారు. కిటికీలోంచి చూస్తే అతను చాలాసేపు అక్కడే ఉన్నాడు. నా చేతిలో ఆంటీ ఇచ్చిన టీ కప్పు ఉంది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అని ఉంటే ఆ తలుపు తెరుచుకునేది. చల్లారిన టీ అడుగు దాకా తాగి కప్పు సింకులో పెట్టి వచ్చాను.

పోయిన ఫిబ్రవరిలో ఆయన్ని ఆసుపత్రిలో చేర్చారు. గుండె. నాకప్పటికి పీఆర్ వచ్చింది, మార్కమ్‌లో ఉద్యోగం వచ్చింది. దారి పొడుగునా చెప్పాలనే అనుకుంటూ డ్రైవ్ చేశాను. మాటలు కూడా పేర్చుకున్నాను. గదిలో ఆంటీ లేదు, కాఫీకి వెళ్ళింది. ఇంతకంటే మంచి సమయం దొరకదు.

"వంశీ, ఒకటి నాకు అంతు పట్టడం లేదు," అన్నారు, గాలి చాలక ఆగి ఆగి. "ఆ అబ్బాయి మంచివాడు. నేనెరుగుదును. వినబడితే కాల్చే మనిషి కాదు. మరి ఎట్లా కాల్చాడు?"

అని నా కళ్ళలోకి చూశారు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడి కళ్ళలోకి ఎలా చూడాలో నాకు నేర్పిన మనిషి, అచ్చం అలాగే, ఎదుటివాడు తనని చూశాడని తేలేదాకా చూశారు.

నేను కళ్ళు దించుకున్నాను. దుప్పటి అంచు సర్ది, "ఎక్కువ మాట్లాడకండి అంకుల్," అన్నాను. ఆయన నాలుగో రోజున పోయారు.

ఆంటీ వ్యాను అమ్మేస్తూ వెస్టుల సంచి నాకిచ్చింది. "నువ్వంటే ఆయనకి కొడుకు కంటే ఎక్కువ," అంది. ఆ సంచి నా అల్మారాలో ఉంది, ఆ వాసన నా బట్టలన్నిటికీ పట్టింది. ఇప్పటికీ ఆగిన కారు ముందు నుంచి దాటేటప్పుడు కూడా డ్రైవరు కళ్ళు వెతుక్కుంటాను, వాడు నన్ను చూసేదాకా అడుగు వేయను. ఆ వేటగాడు ఇంకా కేంబ్రిడ్జ్‌లోనే ఉన్నాడు. అతని ఇల్లెక్కడో నాకు తెలుసు. రెండుసార్లు ఆ వీధి దాకా వెళ్ళి, కారు దిగకుండా వెనక్కి తిప్పుకుని వచ్చాను.