గోడ దాకా నడిపే పని

మా ల్యాబులో నాకు సీనియర్ ఒకాయన ఉండేవాడు. జువ్వలదిన్నెలో చేపల వేటకెళ్ళే ఇంట్లో పుట్టి, డాక్టరేట్ చేసి, ఎలక్ట్రాన్లను పరుగెత్తించే యంత్రం మీద పరిశోధన చేసేవాడు. ఉద్యోగం మాత్రం ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. ఎవరేమడిగినా కళ్ళజోడు తుడుచుకుని, ఉన్న నిజం చెప్పేసేవాడు. అదే ఆయన కొంప ముంచేది.

ఆయన చెల్లెలి పెళ్ళికి నేనూ పోయినాను. భోజనాల దగ్గర ఆయన మేనమామ అడిగినాడు: "ఇంతకీ నువ్వు చేసే పనేంది అబ్బయా?"

"ఎలక్ట్రాన్లను నడిపిస్తాను మామా."

"ఎందాకా?"

కళ్ళజోడు తుడుచుకున్నాడు. "చివర్న ఒక గోడ ఉంటది. దాని దాకా."

"ఆనక?"

"మళ్ళీ కొత్తవి పంపిస్తాం."

మామ జాలిగా భుజం తట్టి, ఆయన ఆకులో ఇంకో లడ్డు వేయించినాడు.

మరుసటేడు కాంట్రాక్టు పొడిగించలేదు. అల్లూరు దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో, ఎగుమతి సరుకులో క్రిములు చంపడానికి అలాంటి యంత్రమే చిన్నది పెట్టినారు. అందులో చేరినాడు. అప్పటినుంచీ జనం ఆయన్ని "డాక్టరు గారూ" అనడం మొదలుపెట్టినారు.

మొన్న చూడటానికి వెళ్తే, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక రైతు కాచుకుని ఉన్నాడు. ఆయన బయటికి రాగానే ఎదురెళ్ళినాడు. "డాక్టరు గారూ, మా చెరువులో రొయ్యలు చస్తా ఉండాయి. ఒక్కసారి వచ్చి చూడండి."

ఈయన ఆ డాక్టరు కాదని నేను చెప్పబోయినాను. ఆయన అప్పటికే ప్యాంటు పైకి మడుచుకుంటున్నాడు.