మొదటి చేవ్రాలు ఎవరిది

మా తాతగారి చెల్లెలు మాణిక్యాంబ మామ్మ. ఆవిడ భర్త చలపతి శాస్త్రిగారు ముప్పై నాలుగో ఏడు వచ్చేదాకా విద్యార్థిగానే ఉన్నాడు. ఇది వినగానే మందబుద్ధి అనుకోకండి. మర్యాదస్తుడు, అంతే. మందబుద్ధి కన్నా మర్యాదే మనిషిని ఎక్కువ ఆలస్యం చేస్తుందని నా అభిప్రాయం. దారిలో గేదె ఎదురైతే ఆయన గట్టు దిగి నిలబడి, అది సాగిపోయాక మళ్ళీ గట్టెక్కేవాడట.

కోరుకొండలో నృసింహావధానిగారి ఇంట పద్నాలుగేళ్ళు వ్యాకరణం చదివాడు. ఆ పద్నాలుగేళ్ళూ మామ్మ, ద్రాక్షారామం పక్కన మా ఊళ్ళో, అన్నగారి ఇంట్లో ఉండిపోయింది. ఆ అన్నగారే మా తాత భీమరాజుగారు. చలపతిగారికి తల్లీ తండ్రీ లేరు, నిలవడానికి కొంప లేదు. చదువు పూర్తికాగానే కాపురం పెట్టిద్దామన్నారు పెద్దలు. చదువు పూర్తి కావడమంటే ఏమిటో మాత్రం ఎవరూ తేల్చలేదు. వదినగారు పాపాయమ్మ చెడ్డ మనిషేమీ కాదు. అయినా వేరొకరి వంటింట్లో, ఇవాళ కూరేమిటని అడిగి వండే బతుకు ఎన్నాళ్ళు బాగుంటుంది? మామ్మ పైకి ఏమీ అనేది కాదు. పప్పు రుబ్బేటప్పుడు పొత్రం మోత మాత్రం ఏటికేడూ పెరిగిందని మా నాయనమ్మే, అంటే ఆ పాపాయమ్మే, చెప్పేది.

ఆ రోజుల్లో రాజమండ్రిలో కొత్తగా ఒక బడి పెట్టి, సంస్కృత పండితుడు కావాలన్నారు. చలపతిగారు వెళ్ళి రెండు శ్లోకాలకి అర్థం చెప్పేసరికి బడివాళ్ళకి నచ్చాడు. అయితే ఉద్యోగం ఇచ్చేది చదువుకి కాదు, కాగితాలకి. జూలై ఒకటో తారీఖులోగా నాలుగు కాగితాలు అందితే ఉద్యోగం ఈయనది. లేకపోతే తుని నుంచి వచ్చి సత్రంలో కాచుక్కూచున్న ఇంకొకాయనది.

మొదటిది వయసు కాగితం. జాతకం చెదలు తినేసింది కనక, ఆయన పుట్టిన ఊళ్ళోని ముసలమ్మలు పెద్ద తుపాను నాటి నుంచి లెక్క కట్టి పుట్టిన ఏడు తేల్చారు. రెండోది ఎన్నేళ్ళు చదివాడన్నది. అది గురుపత్ని చెప్పింది, ఎన్నేళ్ళు అన్నం పెట్టిందో ఆవిడకి తెలుసు గనక. మూడోది నడవడి కాగితం. మా ఊరి కరణం చాలాసేపు ఆలోచించి, "ఇతని గురించి మంచిగాని చెడుగాని ఇంతవరకు వినియుండలేదు. కావున మంచివాడే అయివుండును" అని రాసిచ్చాడు. బడి గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివి పుచ్చుకున్నాడు.

నాలుగోదే ప్రాణం తీసింది. ఇతనికి శాస్త్రం వచ్చునని ముగ్గురు పండితులు ఒకే కాగితం మీద చేవ్రాళ్ళు చెయ్యాలి. మూడు కాగితాలు తెస్తే కుదరదన్నాడు గుమాస్తా.

చలపతిగారు కాగితం ఉత్తరీయంలో చుట్టుకుని ముందు గురువుగారి దగ్గరికే వెళ్ళాడు. అవధానిగారు చాలా సంతోషించి, భోజనం పెట్టి, సొంత శిష్యుడికి తనే మొదట చేవ్రాలు చేస్తే లోకం పక్షపాతం అంటుందనీ, ద్రాక్షారామం సోమయాజులుగారు పెద్దవారు గనక వారిది ముందు పడితే కింద తను పెడతాననీ అన్నాడు. ద్రాక్షారామంలో సోమయాజులుగారు ఇంకా సంతోషించి, ఇంకా మంచి భోజనం పెట్టాడు. గురువు ఉండగా ఆయన్ని దాటి చేవ్రాలు చెయ్యడం అపచారం అన్నాడు. కోనసీమలో ముక్కామల దీక్షితులుగారైతే, ఇద్దరు పెద్దల కన్నా ముందు చెయ్యి పెట్టడానికి తనెంతవాడినని కళ్ళు మూసుకున్నాడు. అక్కడా భోజనం బాగుంది.

అవి వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేసిన రోజులు. పడవల్లేవు. ఎండలో కాలవగట్ల వెంట నడిచి, గోదావరి దాటి, మళ్ళీ దాటి, మూడు విడతలు తిరిగాడు చలపతిగారు. వెళ్ళిన ప్రతిచోటా ఆయన పాండిత్యాన్ని మెచ్చుకున్నారు, ఆయన వినయాన్ని మెచ్చుకున్నారు, కాగితాన్ని వెనక్కిచ్చారు. అసలు సంగతి నేను చెప్తాను. మొదట చేవ్రాలు చేసినవాడిదే పూచీ. రేపు ఎవడైనా సభలో, ఇతనికి ఫలానా సూత్రం రాదే, దీనికి ముందుగా ఒప్పుకున్నదెవరు అంటే, వేలు ఆ మొదటి పేరు మీద పడుతుంది. ఆ భయానికి మర్యాద అని పేరు పెట్టుకున్నారు మహానుభావులు. చలపతిగారికి ఇది తెలియదా? తెలుసు. అడగడం మర్యాద కాదని ఊరుకున్నాడు.

జ్యేష్ఠం ఆఖర్లో మా తాతగారు తాటాకిల్లు తీసేసి పెంకుటిల్లు వేసి గృహప్రవేశం చేశారు. ముగ్గురు పండితులనీ పిలిచారు. ముగ్గురూ వచ్చారు. గడువు ఇంకా ఆరు రోజులుంది. కాగితం మామ్మ పెట్టెలో ఉంది, చెమట మరకలతో, ఒక మూల పసుపుతో.

భోజనాలకి లేవమన్నారు. గడప దగ్గర మళ్ళీ అదే తంతు. తమరు ముందంటే తమరు ముందని ముగ్గురూ చేతులు చాస్తూ నిలబడ్డారు. ఇంతలో వంటశాలలోంచి బూరెలు వేగుతున్న వాసన వచ్చింది. ఆ తరవాత ఎవరు ఎవర్ని ఏమన్నారో గాని, రెప్పపాటులో సోమయాజులుగారు మొదటి విస్తరి ముందు, అవధానిగారు రెండో విస్తరి ముందు, దీక్షితులుగారు మూడో విస్తరి ముందు కూర్చుని ఉన్నారు. చలపతిగారు పంక్తి చివర, తలుపు పక్కన కూర్చున్నాడు.

బూరెలయ్యాయి, పెరుగన్నమయింది. ఇక ఉత్తరాపోశనం. వడ్డించేవారు అరచేతిలో నీళ్ళు పోస్తే, అవి పుచ్చుకున్నాకే లేవాలి. మా తాతగారు రెండో పంక్తి ఏర్పాట్లు చూడ్డానికి పెరట్లోకి వెళ్ళాడు. చెంబు పట్టుకుని మామ్మ వచ్చింది. సోమయాజులుగారు అరచెయ్యి చాచాడు. మామ్మ చెంబు వంచలేదు.

"బాబయ్యగారూ, మా వారికి చదువు వచ్చిందో రాలేదో మీరు ముగ్గురూ ఒక్క మాట చెప్పండి" అంది. "రాలేదంటే నీళ్ళు పోసేస్తాను. వచ్చిందంటే మాత్రం, ఇప్పుడు కూర్చున్న వరసలోనే చేవ్రాళ్ళు చేసి వెళ్ళండి. అరుగు మీద కలం, సిరాబుడ్డి పెట్టి ఉంచానండి."

పంక్తి పంక్తంతా బిగుసుకుపోయింది. ఆడది నలుగురిలో పండితుల్ని నిలదీయడం మా ఊళ్ళో అంతకు ముందు జరగలేదు. పాపాయమ్మ స్తంభం వెనక్కి తప్పుకుంది. ముగ్గురి కుడిచేతులకీ మెతుకులు ఎండుతున్నాయి. లేవడానికి లేదు, చెయ్యి కడగడానికి లేదు. సోమయాజులుగారు పక్కకి చూశాడు. అవధానిగారు విస్తరిలోకి చూశాడు. దీక్షితులుగారు కళ్ళు మూసుకోబోయి, లాభం లేదని తెరిచాడు.

"వచ్చిందమ్మా" అన్నాడు సోమయాజులుగారు చివరికి. "ఎప్పుడో వచ్చింది."

అవధానిగారు తలెత్తి, చేరిన పదో ఏటికే వచ్చిందనీ, ఆ పైన నాలుగేళ్ళూ తన శిష్యులకి పాఠాలు చెప్పింది వాడేననీ ఒప్పుకున్నాడు. మామ్మ వరసగా నీళ్ళు పోసుకుంటూ పంక్తి చివరికి వచ్చేసరికి చలపతిగారు అరచెయ్యి చాచి కూర్చున్నాడు. ఆయన ఏడుస్తున్నాడు. పద్నాలుగేళ్ళలో ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. మామ్మకి ఆయన మీద జాలీ, ఒళ్ళుమంటా ఒక్కసారే కలిగాయట. నీళ్ళు పోసి వెళ్ళిపోయింది.

చేవ్రాళ్ళు పడ్డాయి. కాలవల్లో అప్పుడే నీళ్ళు వదిలారు కనక కాగితం పడవ మీద వెళ్ళి గడువుకి రెండు రోజుల ముందే చేరింది. తుని ఆయన సత్రం ఖాళీ చేశాడు. సోమవారం వచ్చి చేరమని చలపతిగారికి జాబు వచ్చింది.

అప్పటికి ఆషాఢం వచ్చేసింది. ఆషాఢంలో కాపురం పెట్టకూడదు. చలపతిగారు పంచాంగం ముందేసుకుని చాలాసేపు చూశాడు. తను ముందు వెళ్ళి చేరతాననీ, శ్రావణంలో మంచిరోజు చూసి వచ్చి తీసుకెళ్తాననీ బావగారికి చెప్పాడు. తాతగారు అదే సబబన్నారు. పాపాయమ్మా అదే అంది. మామ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఏడవడానికనుకున్నారు.

కాలవ రేవులో పడవ కదలబోతుండగా మామ్మ పెట్టె చంకన పెట్టుకుని గట్టు దిగి వచ్చింది. చలపతిగారు కంగారుగా, ఇవాళ రోజు బాగాలేదన్నాడు.

"పద్నాలుగేళ్ళలో వచ్చిన మంచిరోజులన్నీ నేనిక్కడే గడిపానండి" అంది మామ్మ. "జరగండి, పెట్టె పెట్టాలి."

ఆయన జరిగాడు.