ఏడుపు నేర్పే అవ్వ

నలభై ఏళ్ల కిందటి మాట. అమ్మ పోయిందన్న కబురు బొంబాయిలో నా పియానో కచేరీకి గంట ముందు వచ్చింది. నన్ను ఆ వాద్యం ముందు కూర్చోబెట్టింది అమ్మే. అయినా కచేరీ పూర్తి చేశాకే బెజవాడకు రైలెక్కాను.

గార్ల స్టేషను దగ్గర రైలు ఆగిపోయింది. నా వేళ్లు అలవాటుగా ఒళ్లోని సంచి మీద ఆడుతున్నాయి. మానుకోటలో ఎక్కిన లంబాడీ అవ్వ వాటినే చూస్తోంది.

"ఏంది బిడ్డా, వేళ్లు గట్లాడిస్తున్నవ్?"

"సాధన, అవ్వా. చిన్నప్పటినుంచీ రోజూ చేస్తాను."

"మా మనుమరాలు గూడ నెలసంది నేర్సుకుంటాంది. నేనే నేర్పుతున్న."

"పాటలా?"

"ఏడుసుడు. లగ్గమైనంక తల్లి మెడ పట్టుకొని రాగం దీసి ఏడ్వాలె. మా తండాల ముసలోళ్లమే నేర్పుతం."

నాకు నవ్వొచ్చింది. "ఏడవడం కూడా నేర్పాలా?"

"నేర్పకుంటే ఎట్లొస్తది బిడ్డా? దుఃఖం లోపట్నే ఉంటది. నీకెవ్వలు నేర్పలేదా?"

రైలు కదిలింది.

బెజవాడలో అమ్మ పక్కన కూర్చున్నాను. నేను ఏడుస్తానని అందరూ ఎదురుచూశారు. కళ్లు తడవలేదు. వేళ్లు మాత్రం ఆమె చీర అంచు మీద ఆడుతూనే ఉన్నాయి.