కొంచెం దిగుడే అన్నా

మా నాన్నకి చీరాలలో బట్టల కొట్టు ఉండేది. బడిలో నేర్చుకున్నదాని కంటే ఆ కొట్లో కూర్చుని నేర్చుకున్నదే ఎక్కువ నాకు. రంగు పోతుందా అని ఎవరైనా అడిగితే, మొదటి ఉతుకులో కొంచెం అనాలి. పొట్టిదవుతుందా అంటే, కొంచెం, అదీ మీకు తెలియనే తెలియదు అనాలి. ఆ కొట్లో చీరల కంటే ఎక్కువగా అమ్ముడుపోయిన సరుకు ఆ కొంచెమే. అమెరికా వచ్చేటప్పుడు పెట్టెలో ఆవకాయ పెట్టుకున్నానో లేదో గుర్తు లేదు గానీ, ఈ అలవాటు మాత్రం తూకానికి దొరక్కుండా నాతోనే వచ్చేసింది. ఆఫీసులో ప్రాజెక్ట్ ఎంతవరకు వచ్చిందని అడిగితే ఇంకొంచెమే మిగిలిందని ఆరు నెలల పాటు చెప్పగలను.

2010 ప్రాంతంలో మేం కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉండేవాళ్లం. మా ఇంటికి నాలుగిళ్ల అవతల అన్న ఉండేవాడు. సొంత అన్న కాదు, కరీంనగర్ మనిషి, నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. శనివారాలు మేమిద్దరం కొండదారుల్లో సైకిళ్లు తొక్కేవాళ్లం. ఆయన సైకిల్ ఆయన ఒంటికి కొలిచి చేయించినట్టుండేది. నాది పాత సైకిల్. అమ్మినాయన చేత అబ్బా అనిపించేదాకా బేరమాడి గెలిచాను. గెలిచిన సంబరంలో ఎక్కి చూసుకోలేదు. ఇంటికొచ్చాక ఎక్కితే కాలి మునివేళ్లు మాత్రమే నేలకి ఆనాయి. అయిదేళ్లు ఆ మునివేళ్ల మీదే నిలబడ్డాను, ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు అన్న కళ్లు బాగా తగ్గాయి. చాలా కాలంగా రేచీకటి ఉండేది. తర్వాత చూపు పక్కల నుంచి మూసుకుపోవడం మొదలైంది. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఎదురుగా ఉన్న కాస్త మేర కనిపిస్తుంది, కింద కాళ్ల దగ్గరున్నది కనపడదు. డ్రైవింగ్ లైసెన్స్ తనే వెళ్లి ఇచ్చేసి వచ్చాడు. వదిన పొద్దున్నే ఆయన్ని ఆఫీస్‌లో దింపి తన ఆఫీస్‌కి వెళ్లేది. ఇక మిగిలింది సైకిల్ ఒక్కటే.

ఉత్తరాన రష్యన్ రివర్ దగ్గర ఒక దారి ఉంది. కొండ మీద ఓక్ చెట్ల మధ్య మొదలై, ద్రాక్షతోటల అంచున సాగి, నది ఒడ్డుకి దిగుతుంది. చూపు ఉండగానే ఆ దారిని చివరిదాకా ఒకసారి తొక్కాలని అన్న కోరిక. మొత్తం పద్దెనిమిది మైళ్లు అన్నాడు. నేను ఆరంటే, ఆయన పదిహేనన్నాడు. దారి ఆయనది, కోరిక ఆయనది, మధ్యలో బేరం నాది. చివరికి పదకొండు దగ్గర తెగింది, దారి మధ్యలో ఎక్కి నది దాకా.

అసలు బేరం వదినతో. పసుపుపచ్చ చొక్కా వేసుకుని నేను ముందు వెళ్లాలి. ఆ రంగు అన్నకి గొట్టంలోంచి కూడా కనిపిస్తుంది. దారిలో ఏముందో నేను అరిచి చెబుతుండాలి. ఒక్కసారి పడినా వెంటనే ఫోన్ చేయాలి. తను తోటల మధ్య రోడ్డు మీదికి కారు తెస్తుంది, సైకిళ్లు ఎక్కించేసుకుంటుంది, ఆ తర్వాత అన్న మళ్లీ సైకిల్ ముట్టడు. అన్న సరేనన్నాడు. హామీ నేనిచ్చాను.

అక్టోబర్ చివర ఒక శనివారం వదిన మమ్మల్ని కొండ మీద దింపి, నది దగ్గర ఉంటానని చెప్పి కారు తిప్పుకుని వెళ్లింది.

మొదటి మూడు మైళ్లు బాగానే సాగింది. ఎడమకి మలుపు, వేరు, గులకరాళ్లు, బ్రేక్. నేను అరుస్తుంటే వెనక నుంచి "ఆ" అని వినిపించేది. ఆ "ఆ" వినబడినప్పుడల్లా నాకేదో పెద్దరికం వచ్చినట్టుండేది. పెద్దరికం వస్తే కొట్లో కూర్చున్న మనిషి లేస్తాడు నాలో. ఎగుడు వచ్చినప్పుడు అయిపోయింది, ఇంకొంచెమే అన్నాను. అది అరమైలు. దిగుడు వచ్చినప్పుడు "కొంచెం దిగుడే అన్నా" అన్నాను. అక్కడ నేను రెండు బ్రేకులూ బిగబట్టి దిగాను. భయపడకుండా ఉండాలని అలా చెబుతున్నానని నా ఉద్దేశం. ఎవరు భయపడకుండా అన్నది అప్పుడు ఆలోచించలేదు.

ఓక్ చెట్లు అయిపోయి తోటలు కనిపిస్తున్నాయి. కోత అయిపోయిన తోటలు, ఆకులు ఎర్రబడ్డాయి, పిట్టల్ని బెదిరించడానికి కట్టిన తళుకు రిబ్బన్లు గాలికి గరగరమంటున్నాయి. అక్కడ దారికి అడ్డంగా పోయినేడు వానకి కోసుకుపోయిన గాడి ఉంది. నేను చూశాను. ముందు చక్రం ఎత్తి ఎలాగో దూకించాను. వెనక్కి తిరగకుండానే, చిన్న గుంత, వచ్చేయొచ్చు అని అరిచాను.

"ఆ" వినిపించింది. తర్వాత సైకిల్ పడిన చప్పుడు.

అన్న హ్యాండిల్ మీదుగా వెళ్లి పక్కనున్న గడ్డిలో పడ్డాడు. హెల్మెట్ ఉంది కాబట్టి సరిపోయింది. మోకాలు చెక్కుకుపోయి రక్తం సాక్సు దాకా కారుతోంది. లేచి కూర్చుని రెండు అరచేతులూ గడ్డికి తుడుచుకున్నాడు. నేను ఫోన్ తీశాను. హామీ ఇచ్చిన వాణ్ని కదా.

"ఆగు తమ్మీ. గుంత ఎంత లోతున్నది?"

పెద్దగా ఏం లేదన్నాను.

"బట్టలు కొలిచే ఇంట్ల పుట్టినవ్ గదా. కొలిచి చెప్పు."

నవ్వుతున్నాడేమో అని చూశాను. నవ్వడం లేదు. వెళ్లి గాడి పక్కన మోకరిల్లి చెయ్యి పెట్టాను. బొటనవేలి నుంచి చిటికెన వేలిదాకా ఒక జాన. ఇంకో జాన పెట్టాల్సి వచ్చింది. పక్క నుంచి పక్కకి మూరెడు వెడల్పుంది.

"రెండు జానలు" అన్నాను.

"రెండు జానల గుంతని చిన్నదంటివి. జానెడైతే నేను దూకిస్త. రెండైతే దిగి నడుస్త. ఏదైనా నాకు శాతనైతది. నువ్వు నాకు ఏం లేదంటే నేనేం జేయాలె?"

కొట్లో ఇలాంటి గిరాకీ రాలేదెప్పుడూ, వచ్చినా గుమ్మం దాటాకే తిట్టుకునేవారు.

"నా కండ్లతోని పడితే నేనే ఫోన్ చేయమంట. ఇవాళ పడ్డది నా కండ్లతోని కాదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "కండ్లతోని పడ్డనని అనుకుంటే మీ వదిన ఇగ జన్మల ఎక్కనియ్యదు" అన్నాడు.

ఫోన్ జేబులో పెట్టేశాను. వదినకి ఇచ్చిన మాట తప్పుతున్నానని తెలుసు. కానీ నా తప్పుకి ఆయన సైకిల్ పోవడం ఇంకా పెద్ద తప్పనిపించింది. రుమాలు తడిపి మోకాలికి కట్టాను.

అక్కడి నుంచి కొలతలే. పది గజాల్లో రాయి, జానెడు ఎత్తు, కుడివైపు ఖాళీ. అయిదు గజాల్లో ఇసక, చక్రం దిగబడుతుంది, నాలుగు గజాల పొడవు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. మొదట్లో కొలతలు నోటికి రాలేదు. చిన్న రాయి అనబోయి, నాలుక కరుచుకుని, అరజాన అనేవాణ్ని. తోటల అంచున దారి చదునుగా ఉన్నచోట వరసల మధ్య పోసిన ద్రాక్షతొక్కల పులిసిన వాసన వస్తుంటే, అన్న వెనక నుంచి ఇది మాత్రం నువ్వు చెప్పకున్నా తెలుస్తున్నదన్నాడు.

చివర నదికి దిగే చోటు వచ్చింది. నేను ఆపేశాను.

"ఇరవై గజాలు దిగుడన్నా. మేడ మెట్లంత నిటారు. మొత్తం గులకరాళ్లు. నేనైతే తొక్కను, నాకు భయంగా ఉంది."

ఈ ఆఖరి మాట నా సైకిల్ కొలత లాగే ఎవరికీ చెప్పకుండా దాచుకునే రకం. ఎలా బయటికొచ్చిందో తెలియదు.

"ఏ పక్క నున్నగున్నది?" అన్నాడు.

నా సైకిల్ పక్కన పడేసి నడుచుకుంటూ దిగాను, మళ్లీ ఎక్కాను, మళ్లీ దిగాను. ఎడమ అంచు వెంట రెండు జానల వెడల్పున గట్టి నేల ఉంది. పన్నెండో గజం దగ్గర ఒక వేరు. అక్కడ నిలబడి చెప్పాను. తర్వాత కింద దారికి సరిగ్గా ఎదురుగా నిలబడి చేతులు పైకెత్తాను. అన్న బరువంతా వెనక్కి వేసి నెమ్మదిగా వదిలాడు. వేరు దగ్గర వెనక చక్రం ఒక్కసారి జారింది, సర్దుకుంది. తిన్నగా నా మీదికి వచ్చి, నేను పక్కకి దూకితే, ముందు చక్రం నీళ్లలో పెట్టి ఆపాడు. అలా కాళ్లు తడిసేలా చాలాసేపు నిలబడ్డాడు.

వదిన అప్పటికే ఒడ్డున బల్ల మీద పులిహోర డబ్బాలు తెరుస్తోంది. రుమాలు చూసింది.

"పడ్డరా?"

అన్న మొహం నావైపు తిప్పాడు.

"పడ్డాడు వదినా" అన్నాను. "రెండు జానల గాడి ఉంటే నేను ఏం లేదని చెప్పాను. నా మాట నమ్మి వచ్చి పడ్డాడు. నీకు ఫోన్ కూడా చెయ్యలేదు."

వదిన రుమాలు విప్పి సీసాలో నీళ్లతో మోకాలు కడిగింది. ఆయన అబ్బా అన్నా ఆపలేదు. కట్టు కట్టింది. అప్పుడు, దాని తర్వాత ఎన్నిసార్లు పడ్డారని అడిగింది. ఒక్కసారీ లేదన్నాను. ఆ తర్వాత దారి ఎట్ల చెప్పినవంది. జానలు, మూరలు, గజాలు, అంతా చెప్పాను.

"నీ జాన చూపించు."

బల్ల మీద చెయ్యి చాచాను. పక్కన తన చెయ్యి పెట్టింది. నా జాన కంటే రెండు వేళ్లు తక్కువ.

"ఇంట్ల మెట్లు నేను నా చేత్తోని చెప్తున్న. బయట నువ్వు నీ చేత్తోని చెప్తవ్. ఈయనకి ఎట్ల తెలవాలె?" అంటూ అన్న చేతిని పట్టుకుని మా రెండు చేతుల మధ్యలోకి లాగి, వేళ్లు విడదీసి బల్లకి ఆనించింది. ఆయన జాన నా జాన కంటే వేలెడు ఎక్కువ.

"ఇగో, ఇది నేర్చుకో" అంది నాతో. "నేను గూడ నేర్చుకుంట."

పులిహోర డబ్బాలు తెరిచే ఉన్నాయి. మేమిద్దరం ఆయన చేతి మీద చేతులు పెట్టి, ఆ జాన ఎక్కడి నుంచి ఎక్కడికో చూసుకుంటూ కూర్చున్నాం. అన్న చెయ్యి కదపలేదు.