ఎండ తాకని టైర్లు

తొంభైల్లో ఒక చలికాలం ఉదయం, మన్ననూరు దగ్గర నల్లమల మలుపుల్లో కారును గాలిలా దూకించానని అందరికీ చెబుతుంటాను. నిజానికి కారే దూకింది, నా ప్రమేయమేమీ లేదు. వేసవి రోడ్ల మీద పరుగు కోసం ముచ్చటపడి వేయించిన వెడల్పు టైర్లు చలికి గట్టిపడి, తొలి మలుపులోనే జారాయి. కారు గిర్రున తిరిగి ఒక టైర్ల కొట్టు ముందు ఆగింది. పక్కన నా భార్య. శ్రీశైలంలో పదకొండింటికి మేనకోడలి పెళ్లి. పెళ్లికూతుర్ని గంపలో మోయాల్సిన మేనమామను నేనే.

కొట్టు నడిపే జానీ భాయ్, పిల్లల నుదురు చూసినట్టు టైరు మీద చెయ్యి పెట్టాడు.

“గివి ఇంక నిద్ర లేవలే సార్. జర ఎండ తాకనియ్యి.”

“ముహూర్తం దాటిపోతుంది భాయ్.”

“లోయల పడ్డంక ముహూర్తం ఎవలికి?”

అక్కడి డ్రైవర్లందరిదీ అదే పద్ధతట. లారీలు కూడా తూర్పుకు మొహం పెట్టి, చలి కాచుకుంటున్న గేదెల్లా నిలబడ్డాయి. వాటి మధ్య చాయ్ తాగుతూ కూర్చున్నాం. మంచు కరుగుతుంటే చెట్లు ఒక్కొక్కటే అప్పుడే పుడుతున్నట్టు కనిపించాయి. పెళ్లి సంగతే మరిచాను.

ఎండెక్కాక తాళంచెవి పట్టుకుంటే నా చేతులు వణికాయి. జానీ భాయే కొట్టు మూసి, మా కారు నడిపి మమ్మల్ని ముహూర్తానికి చేర్చాడు. గంప ఎత్తేటప్పుడూ నా వణుకు తగ్గలేదు. రెండో వైపు ఆయనే పట్టుకున్నాడు.

“ఈయనెవరు?” అని పురోహితుడు అడిగాడు.

“ఇంకో మేనమామ,” అంది నా భార్య.