తొలి ఒక్కపొద్దు

పుంగనూరులో పొద్దున ఏడున్నరకు మదనపల్లె బస్సెక్కే స్వర్ణలత చేతిలో ఎప్పుడూ రెండే ఉంటాయి. ఒకటి శిక్షణ కాగితాల సంచి, రెండోది పెరుగన్నం డబ్బా. రకరకాల ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలతో తరగతిలో ఎలా మెలగాలో కొత్త టీచర్లకు నేర్పడం ఆమె పని. ఇంట్లో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ మాట్లాడే పిల్లలంతా ఒకే గదిలో కూర్చునే ప్రాంతం మాది. ఆ సంగతి ఆమెలా ఎవరూ చెప్పలేరని పదకొండేళ్ళుగా పేరు. ఆ పేరంటే ఆమెకు మహా ఇష్టం. ఇష్టమేమిటి, కొంచెం గీర కూడా.

ఆమె దగ్గర ఒక కథ ఉంది. అది చెప్పకుండా ఏ శిక్షణా ముగియదు. పద్దెనిమిదేళ్ళ కిందట కుప్పంలో మూడో తరగతికి పాఠాలు చెప్పే రోజుల్లో, రంజాన్ నెలలో ఒక పాప ఒక్కపొద్దుతో, అంటే రోజా ఉపవాసంతో, బడికొచ్చింది. మధ్యాహ్నానికి పెదాలు ఎండిపోయి గోడకు వాలిపోయింది. స్వర్ణలత తన డబ్బా మూత తీసి, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెరుగన్నం తినిపించింది. "ముందు బిడ్డను సూడండి, మతం ఆ తర్వాత" అని ముగించేది. చప్పట్లు మోగేవి. కొందరు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

ఆ రోజు మదనపల్లె శిక్షణలోనూ మోగాయి. నలభై మందిలో మూడో వరసలో ఉన్న ఒకమ్మాయి మాత్రం చేతులు కదపలేదు. ఈ కాలం వాళ్ళకు దేనికీ మనసు కరగదని స్వర్ణలత లోపల విసుక్కుంది.

భోజనాల వేళ ఆ అమ్మాయే దగ్గరికొచ్చింది. పేరు తరన్నుమ్, బి.కొత్తకోట దగ్గర ఒక బడిలో చేరి మూడు నెలలైంది. గొంతు తగ్గించింది.

"ఆ పాప నేనే మేడమ్."

స్వర్ణలత ముఖం విప్పారింది. ఎంత పెద్దదానివయ్యావమ్మా అంటూ రెండు చేతులూ పట్టుకుంది. మధ్యాహ్నం ఈ పిల్లను అందరి ముందూ నిలబెట్టి చూపించాలని కూడా అప్పటికప్పుడే అనుకుంది, దాచడమెందుకు. తరన్నుమ్ మెల్లగా చేతులు వెనక్కి తీసుకుంది.

అది తన మొట్టమొదటి ఒక్కపొద్దని చెప్పింది. బిడ్డ తొలిసారి ఒక్కపొద్దుంటే వాళ్ళ ఇళ్ళల్లో పండగే. కొత్త బట్టలు కుట్టించారు. పలమనేరు నుంచి బంధువులు దిగారు. తను దాదీ అని పిలిచే నాయనమ్మ అజీజాబీ పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గరే ఉంది. పొద్దుగుంకాక బిడ్డ మెడలో పూలదండ వేసి, నోట్లో ఖర్జూరం పెట్టి, ఒక్కొక్కరే తల నిమిరి దీవించారు.

"నేను తినేసినానని ఎవురికీ సెప్పలేదు మేడమ్. దండ ఏసుకోని కూసున్నా. నా మనవరాలు నీళ్ళన్నా ముట్టలేదని దాదీ అందరికీ సెప్తాండాది. కన్ను మూసేదాకా సెప్తానే ఉన్నింది. చిన్నబిడ్డలు మధ్యలో తినేస్తే తప్పు కాదని పెద్దయినాక తెలిసింది. అప్పుడు తెలీదు గదా."

అదంతా విని స్వర్ణలత అన్న మాటేమిటి? వద్దని నాతో ఎందుకు అనలేదమ్మా అని అడిగింది.

"మీరు అడగలేదు మేడమ్. డబ్బా తీసినారు."

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. పాప మొదటి ముద్దకు నోరు తెరవలేదు. గడ్డం పట్టుకుని తెరిపించింది తనే. కథలో ఆ ముక్క ఎన్నడూ చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి కూడా మరిచిపోయింది.

డబ్బాలో అన్నం అలాగే ఉండిపోయింది. పదకొండేళ్ళుగా ఎన్ని వందల మందికి ఇదే గొప్ప పని అని నేర్పింది! వాళ్ళలో ఎవరు ఏ బిడ్డ గడ్డం పట్టుకున్నారో. తలెత్తకుండానే, మధ్యాహ్నం ఇదంతా చెప్పనా అని అడిగింది.

"సెప్పండి. నా పేరు మాత్రం వద్దు. మా అమ్మకు ఇప్పటికీ తెలీదు."

మధ్యాహ్నం లేచి నిలబడి, కుప్పంలో ఒక టీచరు ఉండేదని మొదలుపెట్టింది. మెప్పు వచ్చినప్పుడు 'నేను', తప్పు వచ్చేసరికి 'ఒక టీచరు'. రెండు వాక్యాలు దాటేసరికి తన మాట తనకే రోతపుట్టింది. ఆగి, ఆ టీచరు నేనే అంది. గడ్డం పట్టుకున్న సంగతి, పూలదండ సంగతి అన్నీ చెప్పింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

వెనక నుంచి పవన్ కుమార్ అనే కొత్త టీచరు లేచాడు.

"ఆ పాప మళ్ళీ కనపడిందా మేడమ్? సారీ సెప్పినారా?"

చూపు మూడో వరస వైపు పోతే ఆ పిల్ల ఎవరో బయటపడుతుంది. స్వర్ణలత నేలకేసి చూస్తూ నిలబడింది.

"కనపడిందప్పా," అంది. "సారీ సెప్పలేదు. వద్దని నాతో యాల సెప్పలేదని ఆ బిడ్డనే అడిగినా."