మంచిగున్న అనొద్దన్న మనిషి

మొన్న మంగళవారం తమ్ముడు వచ్చి, చెప్పులైనా విడవకుండా గుమ్మంలో నిలబడి, "గుమాస్తా కాక పోయిండక్కా" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు ఏడుపు కంటే ముందు విసుగొచ్చింది. ఏళ్ల తరబడి నాతో పోట్లాడిన మనిషి, ఆఖరి మాట నాకు దక్కనీయకుండానే వెళ్లిపోయాడు. ఏడుపు ఆ తర్వాత వచ్చింది, వంటింట్లో.

ఆయన మాకు చుట్టం కాదు. కాశిబుగ్గలో మా వాడకట్టులోనే ఉండే వకీలు గుమాస్తా. మా నాన్నను అన్నా అని పిలిచేవాడు కనుక నాకు కాక, అంటే బాబాయి, అయ్యాడు. పందొమ్మిది వందల డెబ్భైల చివర్లో ఆయన నన్ను జిల్లా కోర్టుకు తిప్పినన్ని సార్లు నేను గుడికి కూడా పోలేదు.

నాన్న నేత మనిషి. పాలకుర్తి గుట్టకు మొక్కు చెల్లించి బస్సులో వస్తున్నాడు. కాజీపేట ఇంకా రాలేదు. ముందు పోతున్న లారీ ఉన్నపళంగా ఆగింది. లారీని జీపు గుద్దింది, జీపును నాన్న ఎక్కిన బస్సు గుద్దింది, బస్సును వెనకనుంచి కారు గుద్దింది. నాన్న కుడిచెయ్యి సీట్ల మధ్య పడి నలిగింది. దవాఖానలో చెయ్యి దక్కించారు గానీ బొటనవేలూ చూపుడువేలూ మళ్లీ ఒకదాన్నొకటి ముట్టుకోలేదు. ఆ రెండు వేళ్లు కలవకపోతే తెగిన పోగు అతకలేడు. పోగు అతకలేనివాడు మగ్గం మీద కూర్చోలేడు. మాకున్నది ఆ ఒక్క మగ్గమే. పరిహారం వస్తే ఇక్కడే ఉంటాం, రాకపోతే ఇల్లు తాళం పెట్టి భీవండి మిల్లులకు పోవాలి. అమ్మ అప్పటికే గిన్నెలు మూటగట్టడం మొదలుపెట్టింది.

కేసు సంగతి చెబితే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. నాలుగు బండ్లు, నలుగురు వకీళ్లు. జీపు ఎందుకు దగ్గరగా వచ్చిందని లారీవాళ్లు, లారీ ఎందుకాగిందని జీపువాళ్లు, ఇద్దరినీ చూపిస్తూ బస్సువాళ్లు, నేను అందరికంటే వెనకున్నానని కారాయన. బర్రె అడ్డం వచ్చిందని లారీ డ్రైవరు చెప్పాక, పాపం వకీలును పెట్టుకోలేనిది ఆ బర్రె ఒక్కటే కాబట్టి నలుగురూ దాని మీద పడ్డారు.

వాళ్లు చాలరన్నట్టు మా గుమాస్తా కాక. దరఖాస్తు మీద సిరా చుక్క పడిందని మళ్లీ రాయించేవాడు. దవాఖాన చిట్టీ మీద ముద్ర సగమే పడిందని నన్ను మూడుసార్లు తిప్పాడు. మూడోసారి నేను ఆగలేకపోయాను.

"కాకా, నాయిన చెయ్యి ఎదురుంగ కనబడ్తాంది కదా! ఇంక కాయితమెందుకు?"

"చెయ్యి ఫైల్ల కట్టరాదు బిడ్డా. నీ ఏడుపు గుడ కట్టరాదు. ముద్ర ఏపిచ్చుకరా, పో."

పేషీ, అదే కోర్టు వాయిదా, దగ్గరపడ్డాక రోజూ పొద్దున్నే వచ్చి నాన్నకు పాఠం చెప్పేవాడు.

"ఎట్లున్నవని జడ్జి అడుగుతడు. ఏమంటవన్నా?"

"మంచిగున్న అంట."

"మంచిగుంటె కోర్టుకెందుకచ్చినవని ఎల్లగొడ్తరే! మంచిగున్న అనొద్దు. చెయ్యి పనిజేస్తలేదు అను."

"ఎట్లున్నవని అడిగినోనికి బాగలేనని చెప్పుడు మర్యాదనా?"

రెండు నెలలు ఇదే. చివరికి నాన్న సరేనన్నాడు. పేషీ రోజు జడ్జిగారు కళ్లద్దాలు తీసి, ఎంతో దయగా, "ఎలా ఉన్నావు పెద్దాయనా?" అన్నారు. నాన్న చేతులు జోడించి, "మీ దయ దొరా, మంచిగున్న" అన్నాడు. అవతలి వకీళ్లు నలుగురికీ మొదటిసారి ఒకే మాట మీద ఏకాభిప్రాయం కుదిరింది. ఆ మాట రాసుకోమన్నారు. రాసుకున్నారు.

వరండాలో కాక ఫైలు పెట్టి తన నెత్తి తనే కొట్టుకున్నాడు.

"పెద్దమనిషి అంత మంచిగ అడిగె. బాగలేనంటె ఆయన మనసు కష్టపెట్టినట్టు కాదా?" అన్నాడు నాన్న.

ఆ నిమిషంలో ఇద్దరిలో ఎవరి మీద నాకు ఎక్కువ కోపం వచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

కేసులో చివరికి మాకే అనుకూలంగా తీర్పు వచ్చింది. మేం భీవండి పోలేదు. ఆ సతాయించే మనిషి లేకపోతే పోయేవాళ్లమే, ఇందులో నాకు అనుమానం లేదు. కానీ ఆయన పేరు తలచుకుంటే నాకు కనిపించేది తీర్పు రోజు కాదు, దానికి ముందటి పేషీ.

ఆ రోజు మా వకీలు, కాక పనిచేసేది ఆయన దగ్గరే, జేబులోంచి నూలు పోగు తీసి, తెంపి, అతకమని నాన్నకిచ్చాడు. ఆలోచన కాకదే. అది దేనికోసమో నాన్నకు ముందు చెప్పలేదు, చెబితే మర్యాద అడ్డం వస్తుందని. నాన్న తన పనితనం చూస్తామంటున్నారనుకుని సంబరపడ్డాడు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. కొసలు తడిచేసి కలపబోయాడు, జారిపోయాయి. మళ్లీ కలపబోయాడు. జడ్జిగారు కలం కింద పెట్టారు.

"చాలు పెద్దాయనా."

"ఇగో, అయితాంది దొరా. ఒక్క నిమిషం."

ఒక కొస పళ్ల మధ్య పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. కోర్టులో గుమాస్తా నోరు తెరవకూడదు. అయినా కాక లేచి నిలబడ్డాడు.

"ఇడిసిపెట్టన్నా! చాలు, ఇడిసిపెట్టు!"

"ఎవరయ్యా నువ్వు?" అన్నారు జడ్జిగారు.

"గుమాస్తను సార్. తప్పు నాదే సార్, ఈ పని జేపిచ్చింది నేనే. జర ఆపమనుండ్రి సార్."

కోర్టు జవాను భుజం పట్టుకుని ఆయన్ను బయటికి నడిపించాడు. వాకిలి అవతల ఆగి, తలుపు రెక్క పట్టుకుని, "అన్నా... ఓ అన్నా..." అని పిలుస్తూనే ఉన్నాడు. నాన్న తలెత్తలేదు. ముట్టుకోని ఆ రెండు వేళ్ల మధ్యకు నూలు కొసను మళ్లీ మళ్లీ తెచ్చుకుంటూనే ఉన్నాడు.